దీపం మనది, మీట ఎవరిది?

మన సీమ ఇళ్లలో దీపానికి ఒక చరిత్ర ఉన్నది. మన అవ్వలు, నానీమాలు కిరసనాయిలు బుడ్డి వెలుగులో వంట ముగించి, లాంతరు మర తిప్పి వత్తి తగ్గించి, పిల్లలను నిద్రపుచ్చిన తరానికి చెందినవారు. వారి బిడ్డలు 60 వాట్ల పచ్చని బల్బు కింద పాఠాలు వల్లె వేశారు. ఆ తరువాత ట్యూబులైటు, దాని వెనుక సి.ఎఫ్.ఎల్., ఆ పిమ్మట ఎల్.ఇ.డి. దీపం మన గడప తొక్కాయి. నీలికాంతి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉజాలా పథకం ఆ దీపాన్ని పేదవాని ఇంటికి చేర్చింది. 2014లో 310 రూపాయలకు ప్రభుత్వ పక్షాన కొన్న బల్బు 2016 నాటికి 38 రూపాయలకు దిగివచ్చింది. విజ్ఞానశాస్త్రం సామాన్యునికి మేలు చేయడమంటే ఇదే.

నేడు మరొక దీపం మన ఊరికి వచ్చింది. ఇది ఆజ్ఞకు లోబడే దీపం. చేతిలోని ఫోను తాకితే వెలుగుతుంది, మాట విని ఆరిపోతుంది, వేళను బట్టి రంగు మారుస్తుంది. కడపలో కొత్తగా కడుతున్న ఇళ్లలోను, కువైటు నుండి సెలవుపై వచ్చిన అన్నలు తెచ్చే పెట్టెలలోను ఈ స్మార్ట్ దీపాలు, వాటిని నడిపించే హబ్‌లు, వెలుగును హెచ్చుతగ్గులు చేసే డిమ్మర్లు కనిపిస్తున్నాయి. వీటిని కొనేవారు ధర అడుగుతున్నారు, రంగులెన్ని అని అడుగుతున్నారు. అడగవలసిన అసలు ప్రశ్న వేరొకటి కలదని మేము భావిస్తున్నాము. దీపం మనది సరే, మీట ఎవరిది?

ఈ ప్రశ్న మాకు పుస్తకాలలో దొరికినది కాదు. మా మిత్రుడొకరు తన కొత్త ఇంటిలో 14 స్మార్ట్ బల్బులు అమర్చాడు. అటువంటి బల్బుకు ఎల్లవేళలా కరెంటు అందుతుండాలి. గోడమీది స్విచ్ ఎవరైనా ఆర్పితే అది ఫోనుకు పలకదు. కనుక ఆయన స్విచ్‌లన్నిటిపై టేపు అంటించి, “ఆర్పరాదు” అని వ్రాసి పెట్టాడు. గత మే నెలలో ఒకనాటి రాత్రి 11 గంటలకు కరెంటు పోయి 2 గంటలకు తిరిగి వచ్చింది. వచ్చీ రాగానే 14 దీపాలూ పట్టపగలు వలె భగ్గుమన్నాయి. దీపాలను ఆజ్ఞాపించే ఫోను మిత్రునితోపాటు హైదరాబాదులో ఉన్నది. చంటిబిడ్డ ఉలిక్కిపడి లేచి ఏడ్వసాగింది. నానీమా చీకటి చేయాలని స్విచ్ కోసం తడిమితే టేపు తగిలింది. చివరకు ఇంటి మెయిన్ స్విచ్ దింపవలసి వచ్చింది. దానితో పంకాలు కూడా ఆగిపోయాయి. ఇంటిల్లిపాదీ తెల్లవారేవరకు మిద్దె మీద కూర్చున్నారు. మరునాడు ఆమె మాతో నవ్వుతూనే అన్నది: “బేటా, లాంతరు కూడా నా చేతి మాట వినేది గదా!”

ఆ మాటలో ఒక గొప్ప ప్రమాణం ఇమిడి ఉన్నది. ఇంటిలో అందరికంటె పెద్దవారు, అందరికంటె చిన్నవారు, చదువు రానివారు, ఫోను లేనివారు, నిన్న వచ్చిన చుట్టం, వీరిలో ఎవరైనా సరే, చేయి చాపి వెలిగించలేని దీపం ఎంత ఖరీదైనదైనా ఆ ఇంటికి తగినది కాదు. దీనినుండి మేము మూడు పరీక్షలు ఏర్పరచుకున్నాము. మొదటిది, కరెంటు పోయి వచ్చినప్పుడు దీపం తన పూర్వస్థితికి చేరుతున్నదా? రెండవది, ఇంటర్నెట్ ఆగిపోయినప్పుడు దీపం పనిచేస్తున్నదా? మూడవది, ఫోను లేనివారికి గోడమీది మీట లోబడుతున్నదా? ఈ మూడింటిలో నెగ్గిన సరుకునే కొనవలెనని మా అభిప్రాయం.

ముందుగా హబ్ సంగతి చూద్దాం. హబ్ అనగా ఇంటిలోని దీపాలన్నిటికీ పెద్దదిక్కు వంటి చిన్న పెట్టె. ఫోను నుండి, స్విచ్ నుండి వచ్చిన ఆజ్ఞను అందుకుని రేడియో తరంగాల ద్వారా దీపానికి చేరవేయడం దాని పని. హబ్ లేకుండానే ఇంటి వై-ఫైకి నేరుగా అంటుకునే బల్బులూ ఉన్నాయి. ఒకటి రెండు దీపాలకు ఇవి చౌక, సులభం. ఇరవై ముప్పై దీపాలు చేరేసరికి ఇంటిలోని చవక రౌటరు మోయలేక తడబడుతుంది. పైగా ఇటువంటి బల్బులలో అనేకం ఎక్కడో దూరదేశంలో ఉన్న కంపెనీ కంప్యూటరును అడిగి గాని వెలగవు. మన వరండా దీపం వెలగడానికి మన ఆజ్ఞ సముద్రాలు దాటి పోయి రావడం ఎంత విచిత్రం!

ఆ దూరపు కంప్యూటరును ఆపివేస్తే ఏమవుతుందో లోకం ఇప్పటికే చూచింది. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను 300 డాలర్లు పోసి కొన్నవారు ఉన్నారు. ఆ సంస్థను 2014లో నెస్ట్ అనే సంస్థ కొన్నది. 2016 మే నెలలో దాని సర్వర్లను మూసివేసింది. పెట్టె చెడలేదు, తీగ తెగలేదు, అయినా అది పనికిరాని వస్తువైపోయింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే సంస్థ సర్వర్లు ముందు మాట లేకుండానే మూగబోయాయి. ఆ తరువాత వినియోగదారులే కొందరు ముందుకు వచ్చి దానిని పునరుద్ధరించుకున్నారు. ధనవంతుల దేశంలోనే ఇట్లా జరిగినప్పుడు, పైసా పైసా కూడబెట్టి ఇల్లు కట్టుకునే మనవంటివారు ఎంత జాగ్రత్త వహించాలో వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక ఆజ్ఞ ఇంటిలోనే పుట్టి ఇంటిలోనే నెరవేరే హబ్ మేలైనది. జిగ్బీ అనే పద్ధతి ఇందుకు అనువైనది. తక్కువ శక్తితో పనిచేస్తుంది. కరెంటుకు తగిలించి ఉన్న ప్రతి దీపం, ప్రతి స్విచ్ పక్కదానికి ఆజ్ఞను అందిస్తుంది. నిప్పంటుకున్నప్పుడు బావి నుండి కడవలు చేయి మారుతూ వచ్చినట్లు సందేశం చివరి గది వరకు చేరుతుంది. మధ్యలో ఒక బల్బును గోడ స్విచ్‌తో ఆర్పితే ఆ వరుసలో ఒక చేయి లేకుండా పోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. మన ప్రాంతంలో ఈ సంగతి మరింత ముఖ్యం. నాపరాళ్ల గోడలు, బండలు పరచిన మిద్దెలు, ఇనుము దట్టంగా వేసిన కాంక్రీటు పైకప్పులు రేడియో తరంగాలను అణచివేస్తాయి. హబ్‌ను ఇంటి నడుమ, ఎత్తున ఉంచాలి. ఇనుప బీరువాలోను, దాని వెనుకను దాచరాదు. జిగ్బీ, వై-ఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పలుకుతాయి గనుక రౌటరును ఆనించి పెట్టకుండా కొన్ని అడుగుల దూరం పాటించాలి.

జెడ్-వేవ్ అనేది మరొక పద్ధతి. ఇది తక్కువ పౌనఃపున్యంలో పనిచేసి గోడలను కొంత మేలుగా దాటుతుంది. అయితే దేశానికొక పౌనఃపున్యం దీనికి నిర్ణయమై ఉన్నది. అమెరికా సరుకు 908 మెగాహెర్ట్జ్ వద్ద, ఐరోపా సరుకు 868 వద్ద పలికితే, మన దేశానికి 865 నుండి 867 వరకు గల భాగంలో చోటు ఇచ్చారు. ఏ దేశం నుండో బంధువు ప్రేమతో తెచ్చిన హబ్ ఇక్కడ కొన్న స్విచ్‌తో మాట్లాడకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో కొన్న డిమ్మర్ సంగతి మరీ ప్రమాదకరం. అక్కడి ఇళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. పెట్టెపై వ్రాసిన అంకెలు చదవకుండా తగిలించరాదు.

కంపెనీకొక భాష ఉండే ఈ చిక్కును తొలగించడానికి పెద్ద సంస్థలే కొన్ని కలిసి మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని రూపొందించాయి. దాని మొదటి రూపం 2022 అక్టోబరులో విడుదలైంది. మ్యాటర్ గుర్తు గల దీపం ఇంటర్నెట్ లేకపోయినా ఇంటిలోపలి ఆజ్ఞలను పాటించేటట్లు రూపొందింది. రేపు హబ్ మార్చినా దీపం మార్చనక్కరలేదు. కొత్తగా కొనేవారు ఈ గుర్తును వెదకడం మంచిది.

ఇక డిమ్మర్ విషయం. నానీమా లాంతరు మర తిప్పి వత్తి తగ్గించినదే మొదటి డిమ్మర్ అనవచ్చును. ఇంటి గోడలో ఇమిడే ఎలక్ట్రానిక్ డిమ్మర్‌ను అమెరికాలో జోయెల్ స్పైరా అనే శాస్త్రజ్ఞుడు 1959లో రూపొందించాడు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు, అనగా 100 అర్ధతరంగాలుగా వస్తుంది. డిమ్మర్ ప్రతి అర్ధతరంగంలోను కొంత భాగాన్ని కోసివేస్తుంది. మిగిలిన దానితో దీపం మందంగా వెలుగుతుంది. తరంగం ముందు భాగాన్ని కోసేవి ఒక రకం, వెనుక భాగాన్ని కోసేవి ఒక రకం. ముందు కోసేవి పాత తీగ బల్బుల కొరకు పుట్టినవి. వాటిలో అనేకం కనీసం 40, 60 వాట్ల భారం ఉంటే గాని సరిగా పనిచేయవు. అటువంటి దానికి 9 వాట్ల ఎల్.ఇ.డి. తగిలిస్తే దీపం వణుకుతుంది, జుమ్మని రొద చేస్తుంది, త్వరగా చెడుతుంది. ఎల్.ఇ.డి.కి వెనుక కోసే డిమ్మరే తగినది. బల్బు పెట్టెపై సైతం డిమ్మర్‌కు తగినదని వ్రాసి ఉండాలి. ఉజాలాలో వచ్చిన సాధారణ బల్బు అందుకు తగదు.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే మూడు పొరపాట్లు చెప్పక తప్పదు. పంకా రెగ్యులేటరుకు దీపాన్ని, దీపపు డిమ్మర్‌కు పంకాను తగిలించడం మొదటిది. రెండింటి భారం వేరు. ఒకదాని పని ఒకటి చేయలేదు. స్మార్ట్ బల్బును డిమ్మర్ వెనుక బిగించడం రెండవది. ఆ బల్బు తన వెలుగును తానే తగ్గించుకోగలదు. దానికి నిండు కరెంటు కావాలి. ఇన్వర్టరు సంగతి మరవడం మూడవది. చౌక ఇన్వర్టరు ఇచ్చే చదరపు తరంగంపై డిమ్మర్ తికమకపడుతుంది. డిమ్మర్ కావలసిన ఇంటికి సైను తరంగ ఇన్వర్టరే తగును.

మరొక విశేషం విద్యార్థులు గమనించదగినది. కొలిచే పరికరం వెలుగు నాలుగవ వంతుకు తగ్గినదని చెప్పినప్పుడు మన కంటికి అది సగం తగ్గినట్లు మాత్రమే తోస్తుంది. అందుచేత దీపాన్ని కంటికి సగం చేసినప్పుడు కరెంటు సగానికంటె ఎక్కువే మిగులుతుంది. రమజాన్ సహరీ వేళ వంటగదికి పోయే దారిలో మందమైన పచ్చని వెలుగు చాలును. పరీక్షల కాలంలో చదువుకునే బల్లకు నిండు తెల్లని వెలుగు కావాలి. ఒకే గదిలో ఈ రెండు అవసరాలనూ తీర్చడమే డిమ్మర్ అసలు ప్రయోజనం.

బల్బు స్మార్ట్‌గా ఉండాలా, స్విచ్ స్మార్ట్‌గా ఉండాలా అన్నది తరువాతి ప్రశ్న. పలువురు కలిసి నివసించే మన ఇళ్లకు స్మార్ట్ స్విచ్ మేలని మా నిశ్చితాభిప్రాయం. దానిని చేతితో నొక్కినా పనిచేస్తుంది, ఫోనుతో ఆజ్ఞాపించినా పనిచేస్తుంది. దాని కింద చౌకగా దొరికే మామూలు బల్బే పెట్టుకోవచ్చును. కాని దానికి న్యూట్రల్ తీగ కావాలి. ప్లగ్గు ఉన్న బోర్డులలో అది ఎటూ ఉంటుంది; పాత ఇళ్లలో స్విచ్ మాత్రమే ఉన్న బోర్డులలో తరచు ఉండదు. కొత్త ఇల్లు కట్టేవారు గోడలు పూయకముందే ప్రతి బోర్డుకు న్యూట్రల్ లాగించుకుంటే తరువాత గోడ పగులగొట్టే పని తప్పుతుంది. మన ఊరి ఎలక్ట్రీషియనుకు ఈ సంగతి తెలుసు, అడిగేవారే లేరు.

పొదుపు మాటకు వద్దాం. స్మార్ట్ దీపాలు కరెంటు ఆదా చేస్తాయని ప్రకటనలు చెబుతాయి. లెక్క వేసి చూద్దాం. ఆరిపోయి ఉన్నప్పుడు కూడా స్మార్ట్ బల్బు ఆజ్ఞకై చెవి ఒగ్గి ఉండడానికి సుమారు అర వాటు తింటుంది. పది బల్బులకు 5 వాట్లు, నెలకు 720 గంటలు, మొత్తం 3.6 యూనిట్లు. రోజుకు 5 గంటలు వెలిగే 9 వాట్ల మామూలు బల్బు నెలకు 1.35 యూనిట్లే తింటుంది. అనగా ఆ పది బల్బులు ఊరక ఉండి తినేది రెండు మూడు బల్బులు వెలిగి తినేదానితో సమానం. మన జిల్లాలోనే ముద్దనూరు సమీపాన 1994లో తొలి యూనిట్ ప్రారంభమైన రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం బొగ్గు మండించి మనకు వెలుగునిస్తున్నది. పొరుగున కర్నూలు వైపు 2017లో 1000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. ఆ కరెంటు విలువ తెలిసిన ప్రాంతం మనది. గదిలో ఎవరూ లేనప్పుడు దీపం ఆర్పే అలవాటును మించిన హబ్ ఇంకా పుట్టలేదు.

“అయితే ఇదంతా ఉన్నవారి సరదా గదా, మనకెందుకు?” అని కొందరు అడుగవచ్చును. ఆ వాదాన్ని మేము పూర్తిగా త్రోసిపుచ్చము. కాని మంచం దిగలేని వృద్ధునికి, చేతులు వణికే రోగికి, రాత్రివేళ మెట్లు దిగవలసిన గర్భిణికి తానుగా వెలిగే దీపం సరదా కాదు, ఆసరా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని దెబ్బతీసిన తరువాత ఆ నగరంలోని వీధిదీపాలను ఎల్.ఇ.డి.లుగా మార్చి, ఒకచోటి నుండి గమనించి నియంత్రించే ఏర్పాటు చేశారు. నగరమంతటికీ అది ఒక పెద్ద హబ్. విద్య ఒకటే, దానిని ఎవరి మేలుకు వినియోగిస్తామన్నదే ప్రశ్న.

ఒక హెచ్చరిక కూడా అవసరం. మన దీపం ఎప్పుడు వెలిగినదో తెలిసినవానికి మనం ఎప్పుడు లేస్తామో, ఎప్పుడు ఇల్లు తాళం వేసి ఊరికి పోతామో తెలిసినట్లే. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. చట్టం ఉన్నదని తలుపు బార్లా తెరచి ఉంచము గదా. ఇంటి సమాచారం ఇంటిలోనే ఉండే హబ్‌ను ఎంచుకోవడం గౌరవానికీ, క్షేమానికీ మంచిది.

విద్యార్థి మిత్రులారా, ఇది కొనేవారి సమస్య మాత్రమే కాదు, నేర్చుకునేవారి అవకాశం కూడా. 2013లో పౌలస్ స్కౌట్సెన్ అనే యువకుడు హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుకు శ్రీకారం చుట్టాడు. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరులో దానిని ఉంచి, ఏ దూరపు సర్వరుకూ తలవంచకుండా ఇల్లంతా నడిపించవచ్చును. భౌతికశాస్త్రం చదివే మన విద్యార్థులకు ఇది అందని ద్రాక్ష కాదు. ఒక గదితో, ఒక స్విచ్‌తో మొదలుపెట్టండి. మూడు పరీక్షలూ నెగ్గిన పిమ్మటనే రెండవ గదికి పొండి.

కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపాలు రెండు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్లమీద రెండు రకాల డిమ్మర్లు, ఒక హబ్, నాలుగు దీపాలు, ఒక ఇన్వర్టరు అమర్చి, ఊరివారు సైతం వచ్చి చూచేందుకు అనుమతించండి. ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం. రెండవది, ఈ సరుకుతో వచ్చే సూచనల పుస్తకాలు తరచు ఇంగ్లీషులోనే ఉంటున్నాయి. ఏది కొనాలి, ఏది కొనరాదు, కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమి చేయాలి అన్న విషయాలను తెలుగులోను, ఉర్దూలోను ఒక చిన్న పట్టికగా మన విద్యార్థుల చేతనే వ్రాయించి పంచిపెట్టండి. రెండు భాషలలో సంచికను ప్రకటించే కళాశాలకు ఇంతకంటె తగిన పని మరొకటి లేదు.

ఉగాదినాడు దేవుని కడపకు పోయే ముస్లిం సోదరులు, ఉరుసు రోజులలో పెద్ద దర్గా దీపాల తోరణాలను చూడవచ్చే హిందూ సోదరులు గల ఊరు మనది. ఒకరి దీపాన్ని ఒకరు గౌరవించడం మనకు కొత్త కాదు. ఆ గౌరవమే ఇంటిలోపల కూడా నిలవాలి. కొత్త దీపాన్ని ఆహ్వానిద్దాం; దాని మీటను మాత్రం ఇంటిలోని అతి పెద్ద వయస్సు చేతికి అందే ఎత్తున బిగిద్దాం.